పెద్దకర్మ లేని దుఃఖం: వలస వెళ్లినవారు కోల్పోయేదేమిటి?

క్లుప్తంగా: వలస తెచ్చే బాధను ‘ఇంటి బెంగ’ అనుకుని వదిలేయడం అలవాటు. మనస్తత్వ శాస్త్రం దాన్ని ‘తేలని నష్టం’గా చూస్తోంది. పోయినదేదీ పూర్తిగా పోదు, అందువల్ల దుఃఖం ఒక కొలిక్కి రాదు. అమెరికా వీసా వరసలు, గల్ఫ్ కాంట్రాక్టులు, చెదిరిపోయే పేర్లూ బంధుత్వ వరసలూ ఆ తేలనితనాన్ని ఎలా పెంచుతాయి, చావు కబురు వచ్చినప్పుడు అది ఎలా బయటపడుతుంది అన్నది ఇక్కడి విషయం.

2025 సెప్టెంబరు 19, శుక్రవారం. కొత్త హెచ్‌-1బీ (నిపుణ ఉద్యోగుల తాత్కాలిక వీసా) దరఖాస్తుకు లక్ష డాలర్లు చెల్లించాలని అమెరికా అధ్యక్షుడు ఉత్తర్వు మీద సంతకం చేశారు. అది అమల్లోకి రావడానికి మధ్యలో ఉన్నది ఒక్క శనివారం. సెలవు మీద ఇండియా వచ్చిన ఉద్యోగులను ఆ గడువులోగా తిరిగి రమ్మని కొన్ని కంపెనీలు మెయిళ్లు పంపాయి. ఇప్పటికే వీసా ఉన్నవారికి ఇది వర్తించదని మర్నాడు వివరణ వచ్చింది. అప్పటికే ఎన్నో ఇళ్లలో సూట్‌కేసులు సర్దేశారు.

ఆ ఒక్క రోజు కంగారును వార్తలు డబ్బు కోణంలో చెప్పాయి. లక్షల జీతం, సొంత ఇల్లు, అక్కడి బడిలో చదివే పిల్లలు, ఇన్ని ఉన్నవారు కూడా ఒక్క సంతకంతో ‘మనది ఏ ఊరు’ అన్న ప్రశ్న దగ్గరికి వచ్చి పడటం ఆ వార్తల్లోకి ఎక్కలేదు. ఆ ప్రశ్న సెప్టెంబరులో పుట్టింది కాదు. అప్పటిదాకా అడుగున ఉంది, అంతే.

## బెంగ నుంచి ‘తేలని నష్టం’ దాకా

ఇంటి బెంగకు వైద్యశాస్త్రం మొదట పేరు పెట్టింది 1688లో. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి తన సిద్ధాంత వ్యాసంలో ‘నాస్టాల్జియా’ అనే మాట తయారుచేశాడు. గ్రీకులో ఇంటికి చేరడం, నొప్పి అనే రెండు మాటలను అతికించాడు. అతని దృష్టిలో అది జబ్బు, మందు ఇంటికి పంపేయడమే.

20వ శతాబ్దం మధ్యలో ఈ ఆలోచన మారింది. 1954లో మానవ శాస్త్రవేత్త కలెర్వో ఒబెర్గ్ ‘కల్చర్ షాక్’ను దశలుగా వివరించాడు. మరుసటి ఏడు నార్వే సామాజిక శాస్త్రవేత్త స్వెర్రె లీస్‌గార్డ్, అమెరికాకు ఫుల్‌బ్రైట్ మీద వెళ్లొచ్చిన నార్వే వాళ్లను పరిశీలించి ‘యు’ ఆకారపు గీత గీశాడు. మొదట ఉత్సాహం, తర్వాత కుంగుబాటు, ఆపైన సర్దుబాటు. నేటికీ విదేశాలకు వెళ్లే విద్యార్థుల ఓరియంటేషన్‌లో చూపేది ఇంచుమించు ఇదే బొమ్మ. ‘మొదటి ఆరునెలలే కష్టం, తర్వాత అదే అలవాటవుతుంది’ అని మన పెద్దలు చెప్పే ధైర్యమూ ఇదే.

ఈ గీతలో ఒక లోపం ఉంది. లీస్‌గార్డ్ పరిశీలించినవారు తిరుగు టికెట్ ఉన్నవాళ్లు. ఎంతకాలం ఉండాలో, ఎప్పుడు వెళ్లాలో తెలిసినవాళ్లు. స్థిరపడటానికి వెళ్లి, స్థిరపడ్డామో లేదో తెలియకుండా 15 ఏళ్లు గడిపేవారికి ఆ కొలత సరిపోదు.

వారి స్థితికి దగ్గరగా వచ్చిన ఆలోచన వలస పరిశోధన నుంచి రాలేదు. యుద్ధం నుంచి వచ్చింది. వియత్నాం యుద్ధంలో ఆచూకీ తెలియని అమెరికన్ పైలట్ల కుటుంబాలతో 1970లలో పనిచేస్తూ కుటుంబ చికిత్సకురాలు పాలిన్ బాస్ ఈ పరిస్థితికి ‘యాంబిగ్యుయస్ లాస్’ అని పేరు పెట్టారు. తెలుగులో తేలని నష్టం అనుకోవచ్చు. ఆమె దాన్ని రెండు రకాలుగా విడదీశారు. మనిషి కళ్ల ముందు లేడు, మనసులో మాత్రం ఉన్నాడు: ఇది తప్పిపోయినవారి, వలస వెళ్లినవారి విషయం. మనిషి ఎదుటే ఉన్నాడు, మనసు మాత్రం ఇక్కడ లేదు: ఇది మతిమరపు జబ్బు ముదిరినవారి విషయం. ప్రవాసి ఇంట్లో రెండూ కలిసే ఉంటాయి. అమ్మానాన్నలు భౌతికంగా దూరం, మనసులో దగ్గర. పక్కన కూర్చున్న భర్త గ్రీన్‌కార్డు ఆలోచనలో ఉంటే, ఎదుటే ఉండి కూడా లేనట్టే.

ఇంకో ఇద్దరి పని ఇక్కడ అవసరం. కాంబోడియా శరణార్థి యువతను పరిశీలించిన మానసిక వైద్యుడు మారిస్ ఐజెన్‌బ్రుక్, 1991లో ‘సాంస్కృతిక వియోగం’ అనే మాట వాడాడు. పాత ఆచారాలు వదులుకోమన్న ఒత్తిడి ఎక్కువగా ఉన్న అమెరికాలో ఈ బాధ ఎక్కువగా, ఆ ఒత్తిడి తక్కువగా ఉన్న ఆస్ట్రేలియాలో తక్కువగా కనిపించింది. బార్సిలోనాలో వలస కార్మికులకు వైద్యం చేసిన మానసిక వైద్యుడు హోసెబా అచోతెగి వలసలో ఏడు దుఃఖాలు లెక్కపెట్టాడు: కుటుంబం, భాష, సంస్కృతి, నేల, హోదా, సమూహం, శారీరక భద్రత. ఒకేసారి ఇన్ని పోతే మనిషికి వచ్చే తలనొప్పి, నిద్రలేమి, ఒళ్లునొప్పులను నేరుగా డిప్రెషన్ అనేయకూడదన్నది అతని హెచ్చరిక. ఒత్తిడి అసాధారణమైతే దానికి శరీరం ఇచ్చే జవాబు కూడా అలాగే ఉంటుంది.

## మన సంప్రదాయానికి ఇది తెలియని విషయమా?

తెలియనిదేమీ కాదు. దేశాంతరం పోయి పన్నెండేళ్లు ఆచూకీ లేని మనిషికి దర్భలతో బొమ్మ చేసి దహనం జరిపే విధిని ధర్మశాస్త్ర గ్రంథాలు చెప్పాయి. పాత భారత సాక్ష్య చట్టంలోనూ, 2024లో దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఆ గడువు ఏడేళ్లు. శాస్త్రం, చట్టం చేసే పని ఒకటే. తేలనిదాన్ని తేల్చడం, మిగిలినవారు ముందుకు నడవడానికి ఒక తేదీ ఇవ్వడం.

దూరంగా ఉన్నప్పుడు చావు కబురు వింటే ఎన్నాళ్లు మైల అన్నదానికీ లెక్క ఉంది. పది రోజుల్లోపు తెలిస్తే మిగిలిన రోజులే. ఆ తర్వాత తెలిస్తే తగ్గించిన మైల. కన్నవాళ్ల విషయంలో మాత్రం ఎంత ఆలస్యంగా విన్నా, విన్న రోజు నుంచి పూర్తి పది రోజులు. కబురు నెలల తరబడి నడిచే కాలంలో ఈ నియమం దుఃఖానికి ఒక మొదలూ ఒక చివరా ఇచ్చింది.

అయితే ఈ ఏర్పాట్లన్నీ చావుకే. బతికుండి దూరమైనవారికి ఏమీ లేదు. అలంకారశాస్త్రం భర్త పరదేశంలో ఉన్న స్త్రీని ‘ప్రోషితభర్తృక’ అని అష్టవిధ నాయికల్లో ఒకరిగా చేర్చింది. అంటే ఇంట్లో మిగిలినవారి బాధకు పేరుంది, తంతు మాత్రం లేదు. పెద్దకర్మ రోజున నలుగురూ వచ్చి భోంచేసి వెళ్తే ‘ఇక పనిలో పడు’ అని అర్థం. విమానం ఎక్కిన రోజు అలాంటి తంతు ఉండదు. ఉండేది ఎయిర్‌పోర్టులో దండలు, ఫొటోలు. పైగా అది శుభకార్యం. ఏడిస్తే అపశకునం.

సామాజిక గుర్తింపు లేని ఇలాంటి దుఃఖాన్ని దుఃఖ పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లో ‘హక్కు లేని దుఃఖం’ అన్నాడు. ‘డాలర్లు సంపాదిస్తున్నావు, నీకేం తక్కువ?’ అన్న మాట ఆ హక్కును తీసేస్తుంది. అందుకే చాలామంది ఆ బాధను ఊరిమీద బెంగగా చెప్పరు. వెన్నునొప్పి అనో, ఆవకాయ రుచి మారిందనో చెబుతారు.

## పేరు, వరస, మాట

గుర్తింపు దెబ్బతినడం పెద్ద సంఘటనలతో మొదలుకాదు. ఫారం నింపడంతో మొదలవుతుంది. తెలుగు పేరులో ఇంటిపేరు ముందు, పిలిచే పేరు చివర. అమెరికా పద్ధతి దీనికి తలకిందులు. పాస్‌పోర్టులో ‘గివెన్ నేమ్’ గడిలో ‘వెంకట సాయి కిరణ్’ అని ఉంటే, ఆఫీసు కంప్యూటర్ మొదటి మాటనే పేరుగా తీసుకుంటుంది. ఇంట్లో కిరణ్, ఆఫీసులో వెంకట్. ఒకే జట్టులో ముగ్గురు వెంకట్‌లు, ఇద్దరు నాగలు ఉండటం హాస్యంగా చెప్పుకునే విషయమైంది. పాస్‌పోర్టులో మొత్తం పేరు ఒకే గడిలో ఉంటే వీసా మీద మొదటి పేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’, అంటే ‘మొదటి పేరు తెలియదు’ అని అచ్చవుతుంది. తర్వాత డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు ఖాతా, ఆస్పత్రి చీటీ అన్నింట్లో అదే పేరు. దీనికి మందు సులువైనదే: వీసాకు ముందే పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు వేర్వేరు గడుల్లో ఉండేలా తిరిగి జారీ చేయించుకోవడం. తర్వాత మార్చాలంటే ప్రతి కాగితాన్నీ మార్చాలి.

వరసలు పోవడం ఇంతకన్నా లోతైనది. నాన్న అన్నదమ్ముల పిల్లలు, అమ్మ అక్కచెల్లెళ్ల పిల్లలు తెలుగువారికి అన్న, అక్క, తమ్ముడు, చెల్లెలు. మేనత్త, మేనమామల పిల్లలు బావ, వదిన, మరదలు, బావమరిది. ఎవరితో పరాచికం ఆడవచ్చో, ఎవరి ముందు తల వంచాలో, పెళ్లిలో బుట్ట ఎవరు మోయాలో ఈ వరసే చెబుతుంది. ‘కజిన్’ అనే ఒక్క మాట ఈ రెండు గుంపులనూ కలిపేస్తుంది. ‘అంకుల్, ఆంటీ’ మిగిలినవారందరినీ కలిపేస్తాయి. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో పుట్టిన పిల్లవాడికి మాట పోవడంతోపాటు, ‘ఈ గదిలో నేను ఎవరికి ఏమవుతాను’ అనే పటం కూడా చేతికి రాదు. సెలవుల్లో ఊరొచ్చి, పెద్దమ్మను ‘నువ్వు’ అని పిలిచి తిట్లు తినేది పొగరుతో కాదు. ఇంగ్లిష్‌లో ఒకటే ‘యూ’ ఉంది, దానికి గౌరవవాచకం లేదు.

భాష పోయే క్రమం దాదాపు అన్ని వలస సమాజాల్లోనూ ఒకటే. మొదటి తరం మాట్లాడుతుంది. రెండో తరం విని అర్థం చేసుకుంటుంది, జవాబు ఇంగ్లిష్‌లో ఇస్తుంది. మూడో తరానికి వంటల పేర్లు, పండగల పేర్లు మిగులుతాయి. వారాంతపు తెలుగు బడులు ఈ క్రమాన్ని నెమ్మదింపజేస్తాయి. వారానికి రెండు గంటల అక్షరాభ్యాసం ఒక్కటే మాట్లాడే భాషను నిలబెట్టదు. ఇంట్లో ఒక్క మనిషైనా, ముఖ్యంగా తాతో అమ్మమ్మో, ఇంగ్లిష్ రానట్టు ఉంటే నిలబడుతుంది.

## తాత్కాలికం అనే శాశ్వతం

హెచ్‌-1బీ గడువు మామూలుగా ఆరేళ్లు. ఏటా ఇచ్చేవి 65,000, అమెరికాలో పీజీ చేసినవారికి మరో 20,000. గ్రీన్‌కార్డు దరఖాస్తులో ఐ-140 (యజమాని వేసే అర్జీ) ఆమోదం పొంది వరసలో ఉంటే, 2000 నాటి చట్టం కింద ఆరేళ్ల తర్వాత కూడా పొడిగించుకుంటూ పోవచ్చు. వరస ఎందుకు కదలదంటే, ఉద్యోగాల ఆధారంగా ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులు దాదాపు 1,40,000. వాటిలో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికైనా 7 శాతమే పరిమితి. భారతదేశానికీ ఐస్‌లాండ్‌కూ అదే 7 శాతం. 2025లో ఈబీ-2 (ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో రెండో వర్గం) భారత వరసలో కదిలింది 2012-13 నాటి దరఖాస్తులే. నెలనెలా వచ్చే వీసా బులెటిన్‌లో ‘డేట్’ (ఏ తేదీ నాటి దరఖాస్తుల దాకా వరస వచ్చిందో చెప్పేది) ఒక్కోసారి వెనక్కి కూడా పోతుంది.

మనసు మీద దీని పని ఇలా ఉంటుంది. నిర్ణయం తేలితే, అది ‘లేదు’ అయినా సరే, దుఃఖపడి ముందుకు వెళ్లవచ్చు. ‘ఇంకా చూడాలి’ అన్న జవాబు ఏళ్ల తరబడి వస్తుంటే మనిషి రెండు జీవితాలకూ ఖర్చు పెడతాడు. అక్కడ ఇల్లు కొంటాడు, హైదరాబాద్‌లో ఫ్లాటూ కొంటాడు. పిల్లలకు అమెరికా చరిత్ర, రాత్రి తెలుగు వాచకం. ఉద్యోగం పోతే 60 రోజుల్లో కొత్త యజమానిని వెతుక్కోవాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా వెళ్లిపోవాలి. ఇండియాలో పుట్టి రెండేళ్లప్పుడు అమెరికా వచ్చిన పిల్లవాడు 21 నిండితే హెచ్‌-4 (హెచ్‌-1బీ వారి భార్యాభర్తలు, పిల్లల వీసా) పరిధి దాటిపోతాడు. వయసు లెక్కలో కొంత వెసులుబాటు ఇచ్చే చట్టం ఉన్నా, వరస కదలనివారికి అది పెద్దగా ఉపకరించదు. ఆ పిల్లవాడికి తెలిసిన ఊరు ఒక్కటే, అక్కడ ఉండే హక్కు మాత్రం లేదు.

హోదా నష్టం ఎక్కువగా ఆడవారి మీద పడింది. ఇంజినీర్లు, లెక్చరర్లు, డాక్టర్లు హెచ్‌-4 మీద వెళ్లి పని చేసే అనుమతి లేక ఇంట్లో కూర్చున్నారు. 2015 నుంచి, భర్తకు ఐ-140 ఆమోదమైతే లేదా ఆరేళ్లు దాటిన పొడిగింపు ఉంటే, వర్క్ పర్మిట్ దొరుకుతోంది. అప్పటికి ఏడెనిమిదేళ్ల విరామం వచ్చినవారు మళ్లీ అదే మెట్టు మీద మొదలుపెట్టలేరు.

పౌరసత్వం వచ్చాక కథ ముగుస్తుందనుకుంటారు. భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం విదేశీ పౌరసత్వం తీసుకున్న క్షణమే భారతీయ పౌరసత్వం పోతుంది. పాస్‌పోర్టు అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) జీవితకాల వీసా మాత్రమే. దానితో ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనడం లేదు. తాతల నాటి పొలం వారసత్వంగా రావచ్చు, పక్క గట్టు కొనడానికి వీల్లేదు. రైతు కుటుంబాల నుంచి వెళ్లినవారికి ఈ ఒక్క నిబంధన మిగిలినవన్నీ కలిపినంత బరువు.

## దుబాయి దారి వేరు

‘బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి’ అని తెలంగాణలో మాట. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ వెళ్లేవారికి ‘నేను ఎవరు’ అన్న ప్రశ్న అంతగా రాదు. అక్కడి పౌరసత్వం ఎన్నటికీ రాదని మొదటి రోజే తెలుసు. మనసు ఊళ్లోనే ఉంటుంది. వీరి నష్టం కాలానిది. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి నెల రోజుల సెలవు చొప్పున 20 ఏళ్లు చేస్తే, భార్యాబిడ్డలతో గడిపింది ఏడాది లోపే. ఇంటికొచ్చిన తండ్రిని చూసి పిల్ల తల్లి చాటుకు పోవడం అక్కడి ఇళ్లలో కొత్త కాదు.

పైగా కఫాలా పద్ధతి. స్పాన్సర్ అనుమతి మీద ఉద్యోగం, చాలా చోట్ల పాస్‌పోర్టు కూడా అతని దగ్గరే. పాస్‌పోర్టు పట్టుకోవడం చట్టవిరుద్ధమని ఆ దేశాలే అంటున్నా వాడుక ఆగలేదు. చావు జరిగితే మృతదేహం రావడానికి ఆస్పత్రి మరణ ధ్రువపత్రం, పోలీసు నివేదిక, కుటుంబం రాసిచ్చే అధికార పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు, ఎంబామింగ్ పత్రం, భారత రాయబార కార్యాలయ నిరభ్యంతర పత్రం కావాలి. ఒక్క కాగితం ఆగినా రోజులు వారాలవుతాయి. ఈసీఆర్ (పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి అవసరమైన) పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వెళ్లినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి రూ.10 లక్షలు వస్తాయి. విజిట్ వీసా మీద వెళ్లి పనిలో చేరినవారికి రావు. ఏజెంట్ చెప్పని తేడా ఇదే.

## పాత వలసలు చెప్పేది

తెలుగువారి వలస సాఫ్ట్‌వేర్‌తో మొదలుకాలేదు. 19వ శతాబ్దంలో కోరంగి రేవు నుంచి ఎంతమంది వెళ్లారంటే, బర్మాలో, మారిషస్‌లో తెలుగువారి పేరే కోరంగీలు అయింది. మారిషస్‌లో వారి వారసుల ఇంటి భాష నేడు క్రియోల్. ఇళ్లలో తెలుగు దాదాపు పోయింది. అయినా రామభజన, సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ మిగిలాయి. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. భాష పోతే గుర్తింపు పూర్తిగా పోతుందన్న వాదనకు ఇది గట్టి అడ్డు. గుర్తింపు తంతులో, గుడిలో, ప్రభుత్వం ఇచ్చిన చోటులో కూడా బతుకుతుంది.

బర్మాది ఉల్టా ఉదాహరణ. 1930లో రంగూన్ రేవు కూలీల మీద దాడులు, 1942లో జపాన్ యుద్ధంలో నడక దారిన పారిపోవడం, 1960లలో సైనిక ప్రభుత్వ జాతీయీకరణ తర్వాత మిగిలినవారి రాక. తిరిగొచ్చినవారికి ఇక్కడ దొరికిన పేరు ‘కాందిశీకులు’. అక్కడ పరాయివారు, సొంత నేల మీద బర్మావాళ్లు. విశాఖలో బర్మా క్యాంపు పేరు అలా నిలిచిపోయింది. ‘ఏమైనా జరిగితే ఇంటికి వెళ్లిపోదాం’ అనే ఊరట ఉందే, అది ఇల్లు మారకుండా ఉంటుందన్న లెక్క మీద నిలుస్తుంది. వెళ్లిన ఏడాది దగ్గరే ప్రవాసి గడియారం ఆగుతుంది, ఊరిది ఆగదు.

మానసిక వైద్యంలో ఒక లెక్క ఇక్కడ గుర్తుంచుకోదగినది. 2005లో కాంటర్-గ్రే, సెల్టెన్ అనే పరిశోధకులు అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూస్తే, స్కిజోఫ్రెనియా (భ్రమలు కలిగించే తీవ్ర మానసిక వ్యాధి) ముప్పు మొదటి తరం వలసదారుల్లో స్థానికులకు 2.7 రెట్లు, రెండో తరంలో 4.5 రెట్లు తేలింది. అసలు ముప్పే చిన్నది కాబట్టి భయపడాల్సిన పని లేదు. కానీ విమానమే ఎక్కని రెండో తరానికి ముప్పు ఎక్కువ ఉందంటే, కారణం ప్రయాణంలో లేదు. చుట్టూ ఉన్న సమాజం ఆ మనిషిని ఎక్కడ నిలబెట్టింది అన్నదాంట్లో ఉందన్నది ఎక్కువమంది పరిశోధకుల వాదన. సాంస్కృతిక మనస్తత్వవేత్త జాన్ బెర్రీ చెప్పిన నాలుగు దారుల్లో (రెండూ నిలుపుకోవడం, పాతది వదిలేయడం, కొత్తదానికి దూరంగా ఉండటం, రెండింటికీ చెందకపోవడం) చివరిది ఎక్కువ హాని చేస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. అయితే దారి ఎంచుకునేది వలసదారు ఒక్కడే కాదు. చోటిచ్చే సమాజం తలుపు మూస్తే, ‘రెండూ నిలుపుకుంటా’ అన్నవాడు కూడా గుమ్మంలోనే ఉండిపోతాడు.

## కబురు వచ్చిన రాత్రి

ఇన్నాళ్లూ తేలనిది ఆ రోజు ఒక్కసారిగా తేలుతుంది, చాలాసార్లు తప్పుగా. అమెరికా నుంచి ఊరు చేరడానికి విమానం, రోడ్డు కలిపి ఒక రోజు పైనే. మృతదేహాన్ని ఫ్రీజర్ బాక్సులో ఉంచి ఒకటి రెండు రోజులు ఆగుతారు. ముస్లిం కుటుంబాల్లో ఖననం సాధారణంగా అదే రోజు. ఎదుట లేని మృతుడికి జనాజా నమాజును (అంత్యక్రియల ప్రార్థన) ఇక్కడ ఎక్కువమంది పాటించే హనఫీ సంప్రదాయం ఒప్పుకోదు కాబట్టి ఆ దారి కూడా ఉండదు. క్రైస్తవులు తర్వాత జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంటారు.

వెళ్లడం కన్నా తిరిగి రావడం ఎక్కువమందిని ఆపుతుంది. హెచ్‌-1బీ స్టేటస్ చెల్లుతున్నా పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరితే, ఇండియాలో కాన్సులేట్‌లో స్టాంపింగ్ అయితేనే తిరుగు ప్రయాణం. అత్యవసర అపాయింట్‌మెంట్ దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. ఐ-485 (గ్రీన్‌కార్డు చివరి దశ దరఖాస్తు) పెండింగ్‌లో ఉండి, చెల్లే హెచ్ లేదా ఎల్ వీసా లేకపోతే, అడ్వాన్స్ పెరోల్ (ముందస్తు ప్రయాణ అనుమతి) లేకుండా దేశం దాటితే ఆ దరఖాస్తు వదిలేసినట్టే లెక్క. విద్యార్థులకు ఐ-20 (కాలేజీ ఇచ్చే అర్హత పత్రం) మీద ప్రయాణ సంతకం ఏడాదే చెల్లుతుంది, ఓపీటీలో (చదువు తర్వాత పని అనుమతి కాలంలో) ఆరునెలలు.

తల్లిదండ్రులు ఆరోగ్యంగా ఉన్నప్పుడే తోబుట్టువుల మధ్య కొన్ని మాటలు కావాలి. రాలేకపోతే తలకొరివి ఎవరు, దహనానికి అందకపోయినా పదో రోజుకు అందగలరా, అస్థికలు నిమజ్జనానికి ఆపాలా, ఫోన్‌లో చూపించాలా వద్దా. వీడియో కాల్ విషయంలో అందరికీ ఒకే సలహా కుదరదు. చూసినందుకు తెరిపి పడేవారూ ఉన్నారు, ఆ తెర దృశ్యం వెంటాడేవారూ ఉన్నారు. ఫోన్ పట్టుకునే మనిషి ముందే ఖాయమైతే కనీసం మధ్యలో సిగ్నల్ పోయి, ముఖం బదులు చెట్టుకొమ్మ కనిపించే పరిస్థితి తప్పుతుంది.

వెళ్లలేనివారు ఉన్నచోటే పదిరోజుల మైల పట్టడం, పదో రోజున నీళ్లు వదలడం, తెలిసిన నలుగురిని పిలిచి భోజనం పెట్టడం చిన్నవిగా కనిపిస్తాయి. ఐజెన్‌బ్రుక్ కాంబోడియా యువత విషయంలో గమనించిందీ ఇదే: తమ పద్ధతిలో దుఃఖించే వీలున్నచోట గాయం తక్కువ. దుఃఖం ఏడాది దాటినా రోజువారీ పనిని ఆపుతుంటే, అంటే నిద్ర, తిండి, ఉద్యోగం మూడూ దెబ్బతింటే, వైద్యుడి అవసరం ఉంది. మానసిక సహాయ ఫోన్ నంబర్లు, అమెరికాలో 988, ఇండియాలో టెలీ మానస్ 14416, రోజంతా పనిచేస్తాయి. రెండోదానిలో తెలుగులో మాట్లాడవచ్చు.